సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) క్లాసులో సగం మంది అమ్మాయిలే అయినప్పుడు, ఐటీలో పై స్థాయిలో ఆడవాళ్ళు ఎందుకు కనపడరు?

బీటెక్ మూడో ఏడాదిలో ఉన్నానని, క్లాసులో సగానికి పైగా అమ్మాయిలేనని, ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళిన ఆఫీసులో మాత్రం సాఫ్ట్‌వేర్‌కి రూపకల్పన చేసే ఆర్కిటెక్టులు, ప్రాజెక్టులు నడిపే డెలివరీ హెడ్‌లు అందరూ మగవాళ్ళేనని రాశారు. "పెళ్ళి, పిల్లలు, ఇంటి బాధ్యతలు, ఇంతేనా కారణం?" అని అడిగారు. నేను 2008 నుంచి హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగంలోనే ఉన్నాను. మీరు చెప్పిన కారణం సగమే నిజం. మిగతా సగం నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. మనం "కుదరదు" అనకముందే మన తరఫున ఇంకెవరో ఆ మాట అనేస్తారు.

అది ఇంట్లోనే మొదలవుతుంది. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. ఎంసెట్‌లో అన్నయ్య కంటే నాకే మంచి ర్యాంకు వచ్చింది. అన్నయ్య హైదరాబాద్ వెళ్ళాడు, నన్ను పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరే కాలేజీలో వేశారు. మెకానికల్ చదువుతానంటే నాన్న, "వర్క్‌షాపుల్లో ఆ ఇనుప సామాన్ల మధ్య నీకేం పనమ్మా? కంప్యూటర్లయితే ఏసీలో కూర్చుని చేసుకోవచ్చు" అన్నారు. మన రాష్ట్రాల్లో ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) సీట్లలో అమ్మాయిలకి మూడో వంతు రిజర్వేషన్ ఉంది. దానికితోడు సీఎస్ఈ అంటే ఆడపిల్లకి భద్రమైన చదువని ఇళ్ళల్లో ఒక నమ్మకం. మీ క్లాసు అలా నిండింది. అదే ఐఐటీల్లో, 2018లో అమ్మాయిల కోసం అదనపు సీట్లు పెట్టేదాకా, నూటికి పది మంది కూడా ఉండేవాళ్ళు కాదు. అబ్బాయినైతే లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి పంపుతారు, అమ్మాయికి ఏడాది వృథా ఎందుకంటారు. మా ఇంట్లోనే విన్న మాట ఇది.

ఉద్యోగంలో చేరాక మా బ్యాచ్ అమ్మాయిల్లో ఎక్కువమందిని, వేరేవాళ్ళు రాసిన కోడులో తప్పులు వెతికే టెస్టింగ్‌లో వేశారు. "మీకు ఓపిక ఎక్కువ" అన్నారు. టెస్టింగ్ చిన్న పనేం కాదు, కానీ ఎవరికి ఏది ఇష్టమో అడిగినవాళ్ళు లేరు. రెండేళ్ళు వెంటపడితే కోడు రాసే డెవలప్‌మెంట్‌కి మార్చారు.

2011లో బాబు పుట్టాడు. అప్పట్లో ప్రసూతి సెలవు 12 వారాలే. రెండున్నర నెలల పిల్లాడిని అమ్మ చేతుల్లో పెట్టి ఆఫీసుకి వచ్చేశాను. పాలు పిండుకోవడానికి ఒక గదంటూ లేదు. మెడికల్ రూమ్ తాళం సెక్యూరిటీ దగ్గర ఉండేది, తీసుకోవాలంటే రిజిస్టర్‌లో కారణం రాయాలి. రోజుకి రెండుసార్లు "తలనొప్పి" అని రాసి సంతకం పెట్టేదాన్ని. నాలుగు నెలల పాటు నాకు ఆ రిజిస్టర్ నిండా తలనొప్పే.

2012 జూన్‌లో లండన్ క్లయింటుకి ఒక పెద్ద రిలీజ్, అంటే మేం రాసిన కొత్త కోడు వాళ్ళ సిస్టమ్‌లోకి ఎక్కే రాత్రి. వాళ్ళకి రాత్రి పది అంటే మనకి తెల్లవారుజామున రెండున్నర. అందులో కీలకమైన బ్యాచ్ జాబు (తనంతట తానే వరుసగా నడిచే ప్రోగ్రామ్) కోడంతా నాదే. మా లీడ్ బోర్డు మీద ఆ రాత్రి రోస్టర్, అంటే డ్యూటీలో ఉండేవాళ్ళ జాబితా, రాశారు. నాలుగు పేర్లు, అందులో నాది లేదు. అడిగితే, "బాబు చిన్నోడు, నీకెందుకమ్మా ఈ రాత్రి తిప్పలు? పైగా క్యాబ్‌లో గార్డుని కూడా పంపాలి" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. బాబు పుట్టినప్పుడు భార్యాభర్తలిద్దరూ ఇంటికొచ్చి చూసి వెళ్ళారు. నిజం చెప్పాలంటే, ఆ మాటకి నాకూ అప్పుడు హాయిగానే అనిపించింది.

మూడింటికి బ్యాచ్ ఆగిపోయింది. ఆ నలుగురిలో ఒకరు ఇంటికి ఫోన్ చేశారు. బాబుని భుజాన వేసుకుని జోకొడుతూ, డేటాబేస్‌లో ఏ టేబుల్ మీద లాక్ పడి ఉంటుందో, ఏ క్రమంలో విడిపించాలో ఒక్కొక్కటే చెప్పాను. నలభై నిమిషాల్లో జాబు పూర్తయింది. పొద్దున క్లయింటు నుంచి మెచ్చుకుంటూ మెయిల్ వచ్చింది. అందులో ఉన్నవి బోర్డు మీది నాలుగు పేర్లే. ఆ ఏడాది అప్రైజల్‌లో నాకు రాసింది ఇది: టెక్నికల్‌గా స్ట్రాంగ్, క్లయింట్ విజిబిలిటీ తక్కువ. అంటే క్లయింటు కంట పడనని.

విజిబిలిటీ ఉన్నవాళ్ళలో ఒకరు ఆర్నెల్లు లండన్ వెళ్ళారు. మా దగ్గర లెక్క అంతే, ఆన్‌సైట్, అంటే క్లయింటు ఉండే చోటికి, వెళ్ళొచ్చినవాళ్ళే లీడ్ అవుతారు, ఆ లీడ్‌లే మేనేజర్లవుతారు. "నీకు కుదరదేమో అనుకున్నాం" అన్నారు నాతో. మా ఆయన్ని అడిగి ఉంటే "ఆర్నెల్లే కదా, మీ అమ్మ ఉంది, వెళ్ళిరా" అనేవారు. అసలు నన్నే అడగలేదు, ఆయన్నెవరు అడుగుతారు!

ఇంట్లో పిల్లలున్న ఆడదానికి బరువైన పని కుదరదని ఎవరైనా అంటే నాకు అయ్యలసోమయాజుల లలిత గారు గుర్తొస్తారు. మన తెలుగింటి ఆడపడుచు. పద్దెనిమిదేళ్ళకే భర్త పోయాడు, చేతిలో నాలుగు నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు గారు చెన్నై గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసర్, ఆయన పూనుకుని సీటు ఇప్పించారు. 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరైంది. పట్టా మీద 'అతడు' అని అచ్చై ఉంటే, కొట్టేసి చేత్తో 'ఆమె' అని దిద్ది ఇచ్చారట. తర్వాత కలకత్తాలో ఉద్యోగం చేస్తూ భాక్రా నంగల్ డ్యాం విద్యుత్ లైన్ల డిజైన్‌లో పనిచేసింది. పాపని చూసుకోవడానికి అక్కడ సోదరుడి కుటుంబం ఉంది. బాధ్యత లేక కాదు ఆమె చేయగలిగింది, పంచుకునేవాళ్ళు ఉండబట్టి.

చట్టం కొంత మారింది. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు, 50 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలన్నారు. చాలా మంచిదే. కానీ ఆ ఆర్నెల్ల జీతమంతా కంపెనీయే భరించాలి. ప్రైవేటు ఉద్యోగంలో తండ్రికి చట్టం ప్రకారం ఒక్కరోజు సెలవు కూడా లేదు. దాంతో కొత్తగా పెళ్ళైన అమ్మాయి రెజ్యూమె చూడగానే కొందరి మనసులో లెక్కలు మొదలవుతాయి. ఆ లెక్క అబ్బాయి విషయంలో ఎవరూ వేయరు. తండ్రికి కూడా సెలవు తప్పనిసరి చేసేదాకా ఇది పోదని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు నాకు సిగ్గనిపించే సంగతి. 2019 నాటికి నేనే లీడ్‌ని. ఒక క్లౌడ్ మైగ్రేషన్ (సిస్టమ్‌లని ఇంటర్నెట్ సర్వర్లకి మార్చే) పని వచ్చింది. టీమ్‌లో దానికి అందరికంటే తగిన అమ్మాయికి నెలలో పెళ్ళి. పాపం హడావిడిలో ఉంటుంది కదా అని ఇంకొకరికి ఇచ్చేశాను. మర్నాడు నా సీటు దగ్గరికి వచ్చింది. "మేడమ్, నా పెళ్ళి మూడు రోజులు. ఈ ప్రాజెక్టు తొమ్మిది నెలలు. నన్నొక్క మాట అడగాల్సింది" అంది. నాకు 2012 నాటి ఆ బోర్డు కళ్ళముందు కనపడింది. ఆ మధ్యాహ్నమే పని తనకి మార్చాను. అప్పటి నుంచి మా టీమ్‌లో రోస్టర్ నేను రాయను. ఖాళీ షీటు పెడతాను, ఎవరి పేరు వాళ్ళే రాసుకోవాలి.

మీరు ఇంటర్వ్యూలకి వెళ్ళినప్పుడు ఆన్‌కాల్ (వేళకాని వేళలో పిలిస్తే పలకాల్సిన) రోస్టర్ ఎలా వేస్తారో, ఆన్‌సైట్‌కి ఎవరిని, ఎలా ఎంచుకుంటారో అడగండి. చేరాక మీ కోడు రిలీజవుతున్న రాత్రి మీ పేరు లేకపోతే అదే రోజు అడగండి, అప్రైజల్ దాకా ఆగొద్దు. ఇబ్బంది ఉంటే నేనే చెప్తానని ముందే చెప్పి పెట్టండి. మీటింగ్ మినిట్స్, ఎథ్నిక్ డే ముగ్గులు, బతుకమ్మ ఏర్పాట్లు ప్రతిసారీ మీ మీదికే వస్తుంటే, ఈసారి వంతు ఎవరిదని నవ్వుతూనే అడగండి.

ఆనాడు నా సీటు దగ్గరికి వచ్చి అడిగిన ఆ అమ్మాయి ఇప్పుడు ఆర్కిటెక్టు. ఐదు నెలల పాపకి తల్లి. ఈ నెల రోస్టర్ షీటులో రెండో శనివారం ఎదురుగా తన పేరు రాసుకుంది. మూడో శనివారం దగ్గర "నాకు కుదరదు" అని, అదీ తనే రాసింది.