మొదటి ఏడాది రాయితీ, రెండో ఏడాది అసలు ధర

ప్రశ్న: రాజమహేంద్రవరంలో శుభలేఖలు, బ్యానర్లు డిజైన్ చేసే చిన్న షాపు నడుపుతున్నాను. నిరుడు ఒక యాంటీవైరస్ సాఫ్ట్‌వేర్‌ను 60 శాతం రాయితీతో 1,200 రూపాయలకు తీసుకున్నాను. ఈ ఏడాది గడువు తీరగానే నా కార్డు నుంచి 3,000 రూపాయలు కట్ అయ్యాయి. కొత్తవారికి మాత్రం ఇప్పటికీ 1,200కే ఇస్తున్నారు. పాత ఖాతాదారులకు ఎందుకు ఎక్కువ వేస్తారు? ఇకముందు నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, ఆ సాఫ్ట్‌వేర్ అసలు ధర 3,000 రూపాయలే. మిగిలిన 1,800 రూపాయలను మిమ్మల్ని ఖాతాదారుగా చేర్చుకోవడానికి కంపెనీ పెట్టిన ఖర్చుగా చూడండి. బియ్యం వ్యాపారి బస్తా మీద 60 శాతం తగ్గిస్తే, ప్రతి బస్తాకూ తాను పెట్టిన కొనుగోలు సొమ్ము ఉంటుంది కనుక, వెంటనే నష్టపోతాడు. సాఫ్ట్‌వేర్‌లో ఖర్చులో అధిక భాగం తయారీ దశలోనే అయిపోతుంది. ఆ తరువాత మరొకరికి ఇవ్వడానికి అదనంగా అయ్యేది స్వల్పం. కాబట్టి 1,200 వచ్చినా కంపెనీకి చేతి నుంచి పోయేది పెద్దగా ఉండదు. పైగా ప్రకటనలకు పోయాల్సిన డబ్బులో కొంత ధరలోనే తగ్గిస్తే కొనుగోలుదారు నేరుగా వస్తాడు.

ఆ సొమ్ము తిరిగి రాబట్టుకునేది రెండో ఏడాది నుంచి. కొత్తగా కొనేవారు నాలుగు కంపెనీల ధరలు పక్కపక్కన పెట్టి చూస్తారు. ఒకసారి చేరాక ఆ పోలిక ఆగిపోతుంది. కార్డు వివరాలు కంపెనీ దగ్గరే ఉంటాయి, పని ఒత్తిడిలో గడువు తేదీ గుర్తుండదు. ఖాతాదారు సగటున ఎన్నేళ్లు ఉంటారో అంచనా వేసుకున్న తరువాతే రాయితీ ఎంత ఇవ్వాలో నిర్ణయిస్తారు. పాతవారికి ధర తగ్గించకపోవడానికి కారణం ఇదే: తగ్గించకపోయినా చాలామంది కొనసాగుతారు.

అందువల్ల ఏ చందానైనా మూడేళ్ల మొత్తంతో పోల్చండి. మీ లెక్కలో అది 1,200, 3,000, 3,000 కలిపి 7,200 రూపాయలు. రాయితీ ఏమీ లేకుండా ఏటా 2,000 తీసుకునే మరో కంపెనీ ఉంటే, అక్కడ మూడేళ్లకు అయ్యేది 6,000 మాత్రమే. చూపిన ధరలో 18 శాతం జీఎస్‌టీ కలిసి ఉందో లేదో కూడా రెండు చోట్లా చూసుకోవాలి.

రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం ఇలా దానంతట అదే జరిగే చెల్లింపునకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సందేశం రావాలి, అనుమతిని ఎప్పుడైనా రద్దు చేసుకునే వీలూ ఉండాలి. మీ ఫోన్‌లో ఆ సందేశం కోసం వెతకండి. రాలేదని తేలితే బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. ఇకపై రాయితీతో ఏది కొన్నా, కొన్న రోజే ఆటో రెన్యువల్‌ను ఆపివేయడం మంచిది. కట్టిన ఏడాదికి సేవ సాధారణంగా కొనసాగుతుంది. గడువు దగ్గరపడినప్పుడు కొనసాగాలా, మారాలా అన్నది మీరే తేల్చుకోవచ్చు. మానేస్తానంటే పాతవారికీ ధర తగ్గించే కంపెనీలు ఉన్నాయి, కనుక అడగడానికి వెనుకాడవద్దు.

మీరు డిజైన్ పనిలో ఉన్నారు కనుక ఒక హెచ్చరిక చేయాలి. ఏడాది ఒప్పందానికి నెలనెలా కట్టే పథకాలలో మధ్యలో మానుకుంటే రుసుము పడవచ్చు, బ్యాంకు అనుమతి రద్దు చేసినంత మాత్రాన ఆ బాధ్యత తీరదు. ఇలాంటి రుసుమును వినియోగదారులకు స్పష్టంగా చెప్పలేదన్న ఆరోపణతోనే అమెరికాలో వినియోగదారుల హక్కులు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిఫార్సుపై అక్కడి న్యాయ శాఖ 2024 జూన్‌లో డిజైన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ అడోబీపై దావా వేసింది. మన దేశంలోనూ, చందా రద్దును కావాలని కష్టతరం చేయడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు మోసపూరిత పద్ధతుల జాబితాలో చేర్చాయి. అలా ఇబ్బంది పెడితే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు.

ఇక ఈ 3,000 సంగతి. రెన్యువల్ తరువాత కొన్ని రోజుల లోపు అడిగితే డబ్బు వెనక్కి ఇచ్చే నిబంధన చాలా యాంటీవైరస్ కంపెనీలకు ఉంటుంది. ఆ షరతు చదివి, ఈరోజే ఈమెయిల్ రాయండి. డబ్బు తిరిగి వస్తే మళ్లీ కొనే తొందర వద్దు: విండోస్ 11లో డిఫెండర్ అనే యాంటీవైరస్ ఉచితంగానే వస్తుంది. మీ షాపు వరకు దాన్ని అప్‌డేట్‌గా ఉంచుకుని, డిజైన్ ఫైళ్లను విడిగా ఒక హార్డ్ డిస్క్‌లో వారం వారం దాచుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం.