టెక్ సందేహాలు: గేమ్ మీది, ఖాతా ఎవరి చేతిలో?

కొన్ని నెలలుగా ఒకటే ప్రశ్న తిరిగి తిరిగి వస్తోంది. ‘సొంతంగా గేమ్ తయారు చేశాను, టీవీ కింద ఉన్న కన్సోల్‌లోకి ఎక్కించి అమ్మడం ఎలా?’ అని. విడివిడిగా జవాబులు రాసి చేయి నొప్పి పుట్టింది. అందుకే ఈ వారం శీర్షికంతా దీనికే. ప్రింటర్లతో వేగుతున్నవారు ఒక్క వారం ఓపిక పట్టాలి.

ప్రశ్న: గొడాట్ అనే గేమ్ ఇంజిన్‌లో (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) గేమ్ పూర్తి చేశాను. విండోస్‌కు, ఆండ్రాయిడ్‌కు ఎగుమతి చేయగలుగుతున్నాను. జాబితాలో కన్సోళ్ల పేర్లే లేవు. ఏదైనా ప్లగిన్ వేయడం మరిచానా? – ఇంజినీరింగ్ విద్యార్థి, హనుమకొండ

మీరేమీ మరిచిపోలేదు. కన్సోల్‌కు గేమ్ రాయడానికి కావలసిన ఉపకరణాలను తయారీ సంస్థలు గోప్యతా ఒప్పందం మీద సంతకం పెట్టినవారికే ఇస్తాయి. గొడాట్ సంగతి వేరు, దాని కోడ్ ఊరందరి ముందూ పరిచి ఉంటుంది. ఈ రెండూ ఒకే ఒరలో ఇమడవు. అందుకే గొడాట్ గేములను కన్సోళ్లకు మార్చే పని డబ్ల్యూ4 గేమ్స్ లాంటి బయటి సంస్థలు చేస్తున్నాయి. యూనిటీ లాంటి ఇంజిన్లలోనూ కన్సోల్ భాగం ఆమోదం వచ్చాకే చేతికి అందుతుంది.

కాబట్టి ముందు కన్సోల్ సంస్థ దగ్గర డెవలపర్‌గా నమోదు చేసుకోండి, మిగతావన్నీ తరవాత. దరఖాస్తుతో మీ కథానాయకుడి ఏడు తరాల చరిత్ర పంపకండి. పది నిమిషాలు ఆడించగల భాగం పంపండి. మనవాళ్లను ఎవరూ పట్టించుకోరన్న బెంగ అక్కరలేదు. పుణేలోని ఒక చిన్న బృందం చేసిన ‘రాజీ’ 2020లోనే నింటెండో వారి స్విచ్ కన్సోల్‌లో విడుదలైంది. మన దేశపు బృందాల కోసం సోనీ 2023లో ఇండియా హీరో ప్రాజెక్ట్ ప్రకటించింది.

ఒక్క మాట. సంతకం పెట్టాక డెవ్‌కిట్ (గేములు పరీక్షించుకోవడానికి డెవలపర్లకు ఇచ్చే ప్రత్యేక కన్సోల్) పక్కన నిలబడి సెల్ఫీ తీసి గ్రూపుల్లో పెట్టేవారున్నారు. గోప్యత అనే మాటకు అర్థం నిఘంటువులో ఉంది.

ప్రశ్న: డెవ్‌కిట్ కొనే స్తోమత లేదు. ఇంట్లో ఉన్న ఎక్స్‌బాక్స్‌నే అలా వాడుకోవచ్చా? పిల్లల గేములు పోతాయా? – రాజమహేంద్రవరం

వాడుకోవచ్చు. 2016 నుంచి మామూలు ఎక్స్‌బాక్స్ వన్‌ను కూడా డెవలపర్ మోడ్‌లోకి మార్చే వీలుంది, తరవాత వచ్చిన సిరీస్ కన్సోళ్లలోనూ ఉంది. మోడ్ మారినప్పుడల్లా పెట్టె రీస్టార్ట్ అవుతుంది. ఆ మోడ్‌లో కొన్న గేములు ఆడవు, వెనక్కి మారితే మళ్లీ ఆడతాయి. పిల్లలకు ముందే చెప్పి మార్చండి. అయితే ఈ దారిలో యంత్రం శక్తి అంతా మీ గేమ్‌కు దక్కదు. నేర్చుకోవడానికీ, గేమ్ టీవీ మీద ఎలా ఉందో చూసుకోవడానికీ ఇది చాలు.

ఇంతమాత్రం చనువు దొరకడానికే ఏళ్లు పట్టింది. 1990లలో సోనీ నెట్ యారోజ్ పేరుతో నల్లరంగు ప్లేస్టేషన్ ఇచ్చింది. దానిలో గేమ్ రాసుకోవచ్చు గానీ సొంతంగా డిస్కు వేసి అమ్ముకోవడానికి లేదు. పత్రికలతో వచ్చే డెమో డిస్కుల్లో చోటు దొరికితే అదే భాగ్యం. 2008లో ఎక్స్‌బాక్స్ 360లో ఏడాదికి 99 డాలర్లు కట్టినవారు గేమ్ పెట్టుకునేవారు, తోటి డెవలపర్లే దాన్ని పరీక్షించేవారు. 2017లో ఆ గేముల విభాగాన్ని కట్టేశారు. నింటెండో అయితే ఒకప్పుడు ఇంటికి వేరుగా ఆఫీసు ఉండాలనేది! పడకగదిలో కూర్చుని రాసిన కోడ్‌కు విలువ లేనట్టు. 2013 నాటికి ఆ పట్టు సడలింది.

డబ్బు పోసి కొన్న పెట్టెలో నేను రాసిన పది లైన్లు నడపడానికి ఇంకొకరి అనుమతి ఎందుకన్నది నా పాత చిరాకు. లినక్స్ నడుపుకోవచ్చని చెప్పి అమ్మిన ఒక కన్సోల్‌లో ఆ సౌకర్యాన్ని 2010 ఏప్రిల్‌లో ఒక అప్‌డేట్‌తో పీకేశారు. అప్పటి నుంచి ‘భద్రత మెరుగుపరిచాం’ అనే ఒంటి వాక్యంతో వచ్చే అప్‌డేట్‌ను చూస్తే, ఈసారి ఏం తీసుకుపోతుందోనని నాకు అనుమానమే.

ప్రశ్న: ముగ్గురు మిత్రులం. ఒకే డెవలపర్ ఖాతా. పాస్‌వర్డ్ వాట్సాప్ గ్రూపులో పెట్టుకున్నాం. ఓటీపీ మాత్రం ఒకరి ఫోనుకే వస్తోంది, ఆయన నిద్రపోతే పని ఆగిపోతోంది. రెండో అంచె తనిఖీ తీసేయవచ్చా? – విజయవాడ

తీసేయకూడదు. ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే.

ఆ ఖాతా ఎంతటిదో ఆలోచించారా? గేమ్ ధర మార్చేది అదే, అమ్మకాల డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లాలో చెప్పేది అదే, కొత్త అప్‌డేట్‌ను బయటికి పంపేది అదే. మీ గేమ్ కొన్నవారు నిద్రపోతుంటే వారి యంత్రం దాన్ని తనంతట తానే దించుకుంటుంది. వారు నమ్మింది మిమ్మల్ని. 2023లో పీసీ స్టోర్ స్టీమ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. కొందరు డెవలపర్ల ఖాతాలు దొంగల చేతికి చిక్కి, గేముల అప్‌డేట్లలో మాల్వేర్ వెళ్లింది. ఆ ఏడాది అక్టోబరు నుంచి విడుదలైన గేమ్‌కు అప్‌డేట్ పంపాలంటే ఫోనుకు వచ్చే కోడ్ తప్పనిసరి చేశారు. కన్సోల్‌లో మధ్యన ఒక పరిశీలన ఉంటుంది కాబట్టి అంత సులువు కాదు. కానీ మీ బ్యాంకు ఖాతా నంబరు మార్చడానికి ఆ పరిశీలన అడ్డు రాదు. పైగా మీలాంటివారి గేమ్ సాధారణంగా పీసీలోనూ ఉంటుంది.

ఇక దొంగ ఎలా వస్తాడంటే, మిత్రుడిలాగే వస్తాడు. డిస్కార్డ్ చాట్ యాప్‌లో తెలిసినవారి ఖాతా నుంచే ‘కొత్త గేమ్ చేశాను, ఒకసారి ఆడి చెప్పు’ అని ఒక ఫైలు పంపుతాడు. మనం డెవలపర్లం కదా, మొహమాటం. తెరుస్తాం. అది బ్రౌజర్‌లోని సెషన్ కుకీలను, అంటే మీరు లాగిన్ అయి ఉన్నారని గుర్తుపెట్టుకునే చీటీలను, ఎత్తుకుపోతుంది. లాగిన్ అయి ఉన్న సెషన్నే పట్టుకుపోయాక పాస్‌వర్డ్‌తోనూ, ఓటీపీతోనూ వాడికి పని లేదు. అందుకే గేమ్ పంపే పనికి వేరే కంప్యూటర్ పెట్టుకోండి. అది కుదరకపోతే కనీసం వేరే యూజర్ ఖాతా వాడండి, పని కాగానే లాగౌట్ చేయండి. ముక్కూ మొహం తెలియని ఫైళ్లు అందులో తెరవకండి.

మీ అసలు ఇబ్బందికి మందు సులువే. ముగ్గురికీ మూడు లాగిన్లు చేసుకోండి. ఎవరి పనికి తగ్గ అధికారం వారికి, బ్యాంకు వివరాలు ఒక్కరికే. వీలున్నచోట ఓటీపీ ఎస్సెమ్మెస్ బదులు ఫోనులోనే కోడ్ పుట్టించే ఆథెంటికేటర్ యాప్‌గానీ, పాస్‌వర్డ్ బదులు ఫోను తాళంతోనే లాగిన్ చేసే పాస్‌కీగానీ వాడండి. బృందం నుంచి వెళ్లిపోయినవారి లాగిన్ ఆ రోజే తీసేయండి. స్నేహం చెడుతుందని వాయిదా వేస్తే, తీయాల్సిన రోజుకు స్నేహమూ ఉండదు, ఖాతా కూడా ఉండదు.

యూనిటీలో రాసి ఉంటే ఇంకొక పని ఉంది. 2025 అక్టోబరులో బయటపెట్టిన ఒక భద్రతా లోపం 2017.1 వెర్షన్ నుంచి చేసిన గేములన్నిటినీ తాకుతుంది. ఆండ్రాయిడ్, విండోస్, మ్యాక్, లినక్స్ గేములకు ప్రమాదం. సరిచేసిన ఎడిటర్‌తో మళ్లీ బిల్డ్ చేసి పంపండి. ‘పాత గేమ్, ఎవరూ ఆడటం లేదు’ అనకండి. ఆడకపోయినా కంప్యూటర్లలో అలాగే పడి ఉంటుంది.

ప్రశ్న: అప్‌డేట్ పంపాక కొందరి సేవ్ ఫైళ్లు (ఆట ఎంతవరకు వచ్చిందో దాచేవి) పోయాయి. కన్సోల్ సంస్థ పరీక్షలో పాసయ్యాక ఇదెలా? – బెంగళూరు

ఆ పరీక్ష చూసేవి వేరు. ఆట మధ్యలో కంట్రోలర్ బ్యాటరీ అయిపోతే గేమ్ ఆగుతుందా, కన్సోల్‌ను నిద్రపుచ్చి లేపితే కుప్పకూలుతుందా, వంటివి. పాత సేవ్ కొత్త వెర్షన్‌లో తెరుచుకుంటుందా అన్నది మీ బాధ్యత.

2012లో ఎక్స్‌బాక్స్ 360లో ‘ఫెజ్’ గేమ్‌కు ఇలాగే అయింది. ప్యాచ్ (లోపాలు సరిచేసే అప్‌డేట్) కొంతమంది సేవ్‌లను చెడగొట్టింది. ఇంకో ప్యాచ్‌ను పరీక్షకు పంపాలంటే పదుల వేల డాలర్లు కట్టాలని, తమ వల్ల కాదని చెప్పి అదే ప్యాచ్‌ను తిరిగి పెట్టేశారు దాన్ని చేసినవారు. మరుసటి ఏడాది ఆ రుసుము తీసేసినట్టు మైక్రోసాఫ్ట్ చెప్పింది. సంతోషించాను. ఇప్పుడు ఆ సంతోషం సగమే మిగిలింది. ప్యాచ్ ఉచితమయ్యాక పెద్ద పెద్ద కంపెనీలు కూడా సగం ఉడికిన గేమ్ వడ్డించడం మొదలుపెట్టాయి. పుట్టినరోజుకు డిస్కు కొనిస్తే పిల్లవాడు కేకు తిని, అన్నం తిని, నిద్రపోయే వేళకు కూడా డౌన్‌లోడ్ పూర్తి కాదు. ఆ డబ్బాలో ఉండేది గేమ్ కాదు, గేమ్‌ను దింపుకొమ్మని రాసిన చీటీ. ఇలాంటి చీటీలకు ఆయుష్షూ తక్కువే. నింటెండో 3డీఎస్, వీ యూ కన్సోళ్ల అంగళ్లలో కొనుగోళ్లు 2023 మార్చిలో ఆగిపోయాయి, ఎక్స్‌బాక్స్ 360ది 2024 జులైలో మూతపడింది.

పక్కదారి పట్టాను. మీ సేవ్ ఫైలులో వెర్షన్ నంబరు రాయండి. కొత్త సేవ్‌ను వేరే ఫైలుగా పూర్తిగా రాశాకే పాతదాని స్థానంలో పెట్టండి, పాతదాని నకలు ఒకటి ఉంచండి. ఇంతవరకు విడుదల చేసిన ప్రతి వెర్షన్ సేవ్‌లనూ దాచుకుని, అప్‌డేట్ పంపే ముందు అన్నిటినీ తెరిచి చూడండి.

ప్రశ్న: స్టోర్ వాటా 30 శాతం పోగా, అమెరికా అమ్మకాలపై పన్ను ఇంకో 30 శాతం కోస్తామంటున్నారు. – నిజామాబాద్

డబ్ల్యూ-8బెన్ అనే అమెరికా పన్ను పత్రంలో మీ పాన్ నంబరు వేసి ఇవ్వండి. రెండు దేశాల ఒప్పందం ప్రకారం రాయల్టీకి అది 15 శాతానికి తగ్గుతుంది. కంపెనీ పేరు మీదైతే పత్రం వేరు, ఆడిటర్‌ను అడగండి.

ప్రశ్న: పాత ఫర్మ్‌వేర్ (యంత్రాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) ఉన్న కన్సోల్‌ను చవకగా ఇస్తామన్నారు. తాళం తీసి అందులో నా గేమ్ పరీక్షించుకోవచ్చా? – కర్నూలు

అందులో ఆడినంత మాత్రాన అసలు పరీక్షలో పాసవుతుందన్న భరోసా లేదు. పొరపాటున సొంత ఖాతాతో లాగిన్ అయితే అది నిషేధానికి గురికావచ్చు. కొనకండి. ఆ డబ్బుతో ఒక మంచి కంట్రోలర్ కొని, పీసీలోనే ఆడుతూ మధ్యలో బ్యాటరీ ఊడబీకండి. గేమ్ ఆగిందో లేదో చూసి, మళ్లీ రాయండి.