బీటెక్ తర్వాత ఫైనాన్స్: ప్లాటు అమ్మే ముందు

ప్రశ్న: మావాడు తిరుపతిలో మెకానికల్ బీటెక్ చేసి, రెండేళ్లుగా చెన్నైలో ఒక ఐటీ కంపెనీలో టెస్టింగ్‌లో ఉన్నాడు. ఇప్పుడు ఫైనాన్స్‌లోకి పోతానంటున్నాడు. అమెరికాలో ఫైనాన్షియల్ ఇంజనీరింగ్ ఎంఎస్‌కి పంపాలా, ఇక్కడే ఎంబీఏ చేయించాలా? రేణిగుంట రోడ్డులో ప్లాటు అమ్మడానికైనా సిద్ధంగా ఉన్నాం. బీటెక్ వృథా అయినట్టేనా?

జవాబు: మీ అసలు భయం చివరి వాక్యంలో ఉంది. వృథా కాదండీ. ఫ్యాక్టరీకి అప్పిచ్చే బ్యాంకులో ప్రాజెక్టు రిపోర్టు చదివి, ‘ఈ మిషను ఏడాదికి ఇంత సరుకు తీయలేదు’ అని పట్టుకోగలిగేది మెకానికల్ చదివినవాడే. ఇంజనీర్లు ఇటు రావడం ఎప్పటినుంచో ఉన్నదే.

ఫైనాన్షియల్ ఇంజనీరింగ్ మీదే నాకు అనుమానం. అక్కడ నేర్పేది ప్రధానంగా గణితం: ప్రాబబిలిటీ, స్టోకాస్టిక్ క్యాలిక్యులస్ (యాదృచ్ఛికంగా మారే వాటి గణితం), లీనియర్ ఆల్జీబ్రా, వాటితోపాటు పైథాన్, సీ++. బయటికొచ్చాక చేసేది ఆప్షన్లకు (షేరును ముందే అనుకున్న ధరకు కొనే, అమ్మే హక్కులకు) ధర కట్టడం, రిస్క్ మోడళ్లు రాయడం. ఒక కంపెనీ లెక్కలు చదివి అప్పివ్వచ్చా, షేరు కొనచ్చా అని తేల్చే పని వేరు. మీవాడికి కావలసింది రెండోదైతే ఈ కోర్సు దారి తప్పినట్టే. ఎం-3ని, అంటే బీటెక్ మూడో మ్యాథ్స్ పేపరుని, గైడు పట్టి గట్టెక్కించినవాడికి మొదటి సెమిస్టరే చుక్కలు చూపిస్తుంది. ఉద్యోగాల దగ్గర పోటీకి గణితం, ఫిజిక్స్ పీహెచ్‌డీలు కూడా వస్తారు. విదేశాలకు పంపే కన్సల్టెన్సీలకు ఇది ముద్దు, ఎందుకంటే చాలాచోట్ల ఇది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సు. చదువయ్యాక అక్కడ పని చేసుకోనిచ్చే 12 నెలల ఓపీటీకి మరో 24 నెలలు కలుస్తాయి. అది పని చేసుకోవడానికి అనుమతి మాత్రమే, ఉద్యోగం మనమే వెతుక్కోవాలి. ఆ తర్వాత హెచ్‌1బీ వర్క్ వీసా లాటరీ ఉండనే ఉంది. అప్పు చేసి పంపితే చదివే రోజుల్లోనూ వడ్డీ పడుతూనే ఉంటుంది.

ఎంబీఏ అయితే, రెండేళ్ల మధ్య వచ్చే సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఫైనాన్స్‌లో దొరికిందా లేదా అన్నదే సగం తేల్చేస్తుంది. కాలేజీ ప్లేస్‌మెంట్ రిపోర్టులో అత్యధిక జీతం చూసి మురిసిపోకండి. మీడియన్ (వరసలో సరిగ్గా మధ్యవాడి జీతం) ఎంత, ఫైనాన్స్ ఉద్యోగాలు ఎందరికి వచ్చాయి అని అడగండి. మీ జిల్లాలోనే శ్రీసిటీలో ఐఎఫ్‌ఎంఆర్ బిజినెస్ స్కూల్ ఉంది, ఒకరోజు వెళ్లి చూడండి. పెట్టుబడుల విశ్లేషణకు సంబంధించిన సీఎఫ్ఏ పరీక్షలు ఉద్యోగం మానకుండా రాయచ్చు. కానీ మూడు లెవెళ్లూ పాసైనా చార్టర్ చేతికి రావాలంటే కనీసం 36 నెలల్లో 4,000 గంటల తగిన అనుభవం చూపించాలి.

ఒక మాట కటువుగానే చెప్తాను. ‘అమ్మడానికి సిద్ధం’ అన్నారు, వాడికి ఫైనాన్స్‌లో ఏం నచ్చిందో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా అసలు? ఉద్యోగం చేస్తున్న కుర్రాడి ప్రశ్న మీరెందుకు రాస్తున్నారు?

వాడికి ఒక పని అప్పజెప్పండి. కరకంబాడి అమర రాజా బ్యాటరీ కంపెనీ వార్షిక నివేదికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మూడేళ్ల బ్యాలెన్స్ షీటు, లాభనష్టాలు, క్యాష్ ఫ్లో ఎక్సెల్‌లో చేత్తో కొట్టమనండి, కాపీ పేస్ట్ వద్దు. క్యాష్ ఫ్లో చివరి అంకె బ్యాలెన్స్ షీటులోని నగదుతో కలవాలి. కలవకపోతే తేడా ఎక్కడుందో నోట్స్‌లో వెతకాలి. బ్యాటరీకి కావలసిన సీసం ఎక్కువ కొని నిల్వ పెడితే, లాభం తగ్గకుండానే నగదు ఎందుకు తగ్గుతుందో మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. రెండు ఆదివారాలకే విసుగొస్తే ఏ డిగ్రీకీ డబ్బు కట్టొద్దు. ఆశగా నాలుగో ఏడాది నివేదిక కూడా తెరిస్తే నవంబరులో ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్ రాయించండి.

ఈసారి ఉత్తరం వాడినే రాయమనండి, ఎం-1, ఎం-2, ఎం-3 మార్కులు జతచేసి.