ఫ్రీమేసన్ల లాడ్జిలో ప్రొఫిషియెన్సీ సర్టిఫికెట్ ఉండాలా? నా అనుభవం

"మా బావ టెక్సాస్‌లో ఫ్రీమేసన్. అక్కడి గ్రాండ్ లాడ్జి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తుందట. హైదరాబాద్‌లోనూ పెడితే బాగుంటుందా?" అని ఒకరు నన్ను అడిగారు. ఫ్రీమేసన్లంటే ఒక పాత సోదర సంఘం సభ్యులు. దాని ఒక్కో శాఖ లాడ్జి, వాటి పైసంస్థ గ్రాండ్ లాడ్జి.

పెట్టాల్సిందే. టెక్సాస్‌లో రిచువల్, అంటే లాడ్జి వేడుకల్లో చూడకుండా చెప్పే పాఠం, ఎంతవరకు నోటికి వచ్చిందో చూసి ఏ, బి, సి అని సర్టిఫికెట్లు ఇస్తారు. సభ్యత్వంలో మెట్లను డిగ్రీలంటారు. మన దగ్గర రెండో డిగ్రీకి, మూడో డిగ్రీకి వెళ్లే ముందు మాస్టర్ (లాడ్జి అధ్యక్షుడు) అడిగే ప్రశ్నలకు అందరి ముందు జవాబులు చెప్తే చాలు. మూడో డిగ్రీ అందుకుని మాస్టర్ మేసన్ అయ్యాక అడిగేవాళ్లే ఉండరు. చాలామంది నేర్చుకోవడం అక్కడితో ఆపేస్తారు.

రిచువల్ నేర్పమని నాకు అప్పగించిన ఒక కుర్రాడి సంగతి చెప్తాను. నల్గొండ వైపు నుంచి వచ్చాడు, పదో తరగతి దాకా తెలుగు మీడియం, రాణిగంజ్‌లో మోటార్ల రిపేరు షాపు. మా రిచువల్ అంతా పాతకాలపు ఇంగ్లీషు. ఫోన్‌లో రికార్డు చేసి ఇచ్చెయ్యమని తోటి సభ్యులు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. రాత్రి షట్టర్ దించాక షాపులోనే ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. నేను అడగాలి, అతను చెప్పాలి. ముందు ఒక్కో మాటకు అర్థం తెలుగులో చెప్పేవాణ్ణి, తర్వాతే కంఠస్థం. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ పోతన పద్యాలు అలాగే నేర్పిందట. అందుకే అతనికి తొందరగా పట్టుబడింది.

లాడ్జిలో జవాబులు చెప్పే రోజు మధ్యలో ఒకచోట ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. వెంటనే పక్క వరుసలోంచి ఒక పెద్దాయన తర్వాతి మాట అందించేశారు. కుర్రాడు ఆయన ముగించేదాకా ఆగి, ఆ వాక్యం మొదటి నుంచి ఎత్తుకుని, చివరిదాకా తడబడకుండా చెప్పాడు. నా కళ్లు చెమర్చాయి.

ఈ ప్రాంప్టింగ్ జబ్బు గురించి ఎంత చెప్పినా తక్కువే. అందించే పని ఒకరికే ఉండాలి, మిగతావాళ్లు నోరు మూసుకోవాలి. హైదరాబాద్‌లో మేసన్ల భవనమైన గోషామహల్ బారాదరి చరిత్ర, తానీషా కాలపు కట్టడమనీ 1872 నుంచి మేసన్ల చేతిలో ఉందనీ, గుక్క తిప్పుకోకుండా చెప్పేవాళ్లు మాలో ఉన్నారు. కానీ లాడ్జి ఓపెనింగ్, అంటే సమావేశం మొదలుపెట్టే మాటలు, చెప్పమంటే పుస్తకం వెతుక్కుంటారు. కొందరైతే డిన్నర్ టైముకే వస్తారు. నాకు ఒళ్లు మండుతుంది.

లండన్‌లో 1823 నుంచి నడుస్తున్న ఎమ్యులేషన్ లాడ్జ్ ఆఫ్ ఇంప్రూవ్‌మెంట్ అనే రిచువల్ సాధన లాడ్జిలో, ఒక వేడుకను ఎవరూ సరిదిద్దే అవసరం లేకుండా నడిపినవాళ్లకు వెండి అగ్గిపెట్టె ఇస్తారు. అంత చిన్న వస్తువు కోసం జనం ఏళ్ల తరబడి సాధన చేస్తారు. మనవాళ్లూ చేస్తారు, పెట్టి చూడండి.

నాది ఒక్కటే షరతు. తను నేర్చుకుంటే సరిపోదు, కొత్తగా చేరిన ఒకరికి నేర్పి, లాడ్జిలో నిలబెట్టి చెప్పించాకే సర్టిఫికెట్ చేతికివ్వాలి. ఆ నల్గొండ కుర్రాడు ఇప్పుడు ఇంకొకరికి నేర్పుతున్నాడు, అదే షాపులో.

మీరు కూడా చేరే ఆలోచనలో ఉంటే, మీకు ఎవరు నేర్పిస్తారో ముందే అడగండి. ఫలానా ఆయన అని చెప్పలేకపోతే ఆ లాడ్జిలో ఫారం నింపడానికి తొందరపడకండి.