తిరుపతి మిద్దె మీద హార్డీ కివీ కాస్తుందా?

తిరుపతిలో మిద్దె మీద పెద్ద కుండీలో హార్డీ కివీ (గడ్డకట్టే చలిని తట్టుకునే, చిన్న కాయల కివీ తీగ) కాస్తుందా, కాయలు వస్తే ఎలా నిల్వ చేయాలి అని అడిగారు. తీగ బతకొచ్చు, కాయలు మాత్రం రావు. మొక్క ఇంకా కొనకపోతే ఆ డబ్బులు దాచుకోండి.

అందరూ ఎండకు భయపడతారు. మే నెలలో ఆకుల అంచులు మాడేది నిజమే, కానీ షేడ్‌నెట్ కడితే దాన్ని గట్టెక్కించొచ్చు. అసలు చిక్కు మన చలికాలంతోనే. ఇది జపాన్, కొరియా, ఉత్తర చైనా అడవుల తీగ. ఆకు రాల్చి నిద్రలో ఉన్నప్పుడు మైనస్ 25 డిగ్రీలనూ తట్టుకుంటుంది. 7 డిగ్రీల లోపు చలిలో వందల గంటలు గడిపితేనే దీని మొగ్గలు సరిగ్గా విచ్చుకుంటాయి. తిరుపతిలో జనవరి రాత్రి కూడా 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు. హార్స్లీ హిల్స్‌కు తీసుకెళ్లి నాటినా ఆ లెక్క తీరదు. చలి చాలని తీగ ఆకులు సగం రాల్చి సగం ఉంచుకుంటుంది. కొమ్మ కొసన ఒకటి రెండు మొగ్గలు పగులుతాయి, కింది కణుపులన్నీ మూసుకునే ఉంటాయి. పూత రావాల్సింది ఆ కణుపుల నుంచి లేచే కొత్త రెమ్మల మీదే. కుండీలో ఐసుగడ్డలు వేయమని చెప్పే వీడియోలను నమ్మకండి. చలి తగలాల్సింది మొగ్గకు, వేరుకు కాదు.

పైగా మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. ఆరు నుంచి ఎనిమిది ఆడ తీగలకు ఒక మగ తీగ ఉండాలి. ‘ఇస్సాయ్’ రకం ఒంటరిగానే కాస్తుంది, దానికీ చలి కావాల్సిందే. ఆన్‌లైన్‌లో ఒక్క మొక్క అంటగట్టేవాళ్లు అది ఆడదో మగదో చెప్పరు. విత్తనాల పొట్లమైతే మరీ అన్యాయం, పూత చూసేదాకా ఏళ్ల తరబడి ఆ సంగతే తేలదు. ఆ కుండీలో అంజూర పెట్టండి, మన ఎండకు హాయిగా కాస్తుంది.

ఇక నిల్వ. హార్డీ కివీ పెద్ద ద్రాక్షంత ఉంటుంది, నూగు ఉండదు, తొక్కతోనే తింటారు. గింజ నల్లబడి, రసంలో తీపి 8 శాతం దాకా వచ్చాక, కాయ గట్టిగా ఉండగానే కోస్తారు. 0 డిగ్రీల దగ్గర నెల, రెండు నెలలు ఆగుతుంది, బయట పెడితే కొద్దిరోజుల్లోనే మెత్తబడిపోతుంది. మన బజార్లో దొరికేది నూగు కివీ, ఇక్కడి నుంచి చెప్పేది దాని గురించే.

మామిడి మగ్గేయడం తెలిసిన చిత్తూరు వాళ్లకు దీన్ని మగ్గేసేది కొత్త పని కాదు. రాయిలా ఉన్న కాయల్ని అరటిపండుతో కలిపి కాగితం సంచిలో పెట్టి మూతి మడవండి. రెండు రోజుల తర్వాత తొడిమ దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కి చూడండి, కొంచెం లోపలికి పోతే తినొచ్చు. కార్బైడ్ జోలికి మాత్రం పోవద్దు, దాంతో పండ్లు మగ్గేయడం నిషేధం. మగ్గనివి కొన్ని వారాలు దాచాలంటే కడగకుండా ఫ్రిజ్‌లో, ఆపిల్, టమాటాలకు దూరంగా పెట్టాలి. వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువే కివీని తొందరగా మెత్తబరుస్తుంది.

పాలు, పెరుగులో కలిపి ఉంచితే కాసేపట్లోనే చేదెక్కుతుంది. పచ్చి కివీలోని ఆక్టినిడిన్ అనే ఎంజైమ్ పాల ప్రొటీన్‌ను విరిచేస్తుంది. మిల్క్‌షేక్ అయితే చేసిన వెంటనే తాగేయాలి. ముక్కల్ని ముందు ఒక ఉడుకు రానిస్తే ఆ బాధ ఉండదు, కాకపోతే ఆ పచ్చరంగు కూడా పోతుంది.