ఊటీ టాయ్ ట్రైన్: మేట్టుపాళయం నుంచి ఎక్కాలా, కూనూర్ నుంచి ఎక్కితే చాలా?

డెబ్బై దాటిన అమ్మగారు, ఏడేళ్ల బాబుతో మే నెలలో ఊటీ వెళ్తున్నామన్నారు. టాయ్ ట్రైన్ మేట్టుపాళయం నుంచే ఎక్కాలా, ఊటీ–కూనూర్ ముక్క చాలా, దారంతా బొగ్గింజినే ఉంటుందా అని అడిగారు. చివరి ప్రశ్న తేలితే మిగతావి వాటంతటవే తేలిపోతాయి కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

దారంతా ఉండదు. మేట్టుపాళయం నుంచి కూనూర్ దాకానే ఆవిరి ఇంజిన్. కూనూర్‌లో దాన్ని విప్పేసి డీజిల్ ఇంజిన్ తగిలిస్తారు. అక్కణ్ణుంచి ఊటీ దాకా డీజిలే. ఊటీ–కూనూర్ మధ్య రోజూ తిరిగే బళ్లు కూడా డీజిల్‌వే. ఈ సంగతి చాలామంది ట్రావెల్స్ వాళ్లు చెప్పరు. మా బాబాయి కూతురు వాళ్ల ప్యాకేజీ కాగితంలో ‘స్టీమ్ ట్రైన్ రైడ్’ అని రాసి ఉంటే నమ్మి డబ్బులు కట్టారు. తీరా చూస్తే ఊటీ స్టేషన్‌లో డీజిల్ బండి ఎక్కించారు. గొడవ పెట్టుకుంటే ‘రెండూ ఒకటే మేడమ్’ అన్నాడట ఆ ఏజెంటు. రెండూ ఒకటి కావు.

మేము మా పెదనాన్నను తీసుకుని వెళ్లాం. ఆయన బిట్రగుంట లోకో షెడ్‌లో ఫైర్‌మన్‌గా, అంటే ఇంజిన్‌లో బొగ్గు వేసేవాడిగా చేరి, డ్రైవర్‌గా రిటైరయిన మనిషి. అందువల్ల ఊటీలో బొటానికల్ గార్డెన్ కంటే ఈ రైలు గురించే నాకు ఎక్కువ తెలిసింది.

మేట్టుపాళయం ప్లాట్‌ఫామ్ మీద ఆయన మొదటి ప్రశ్న, ‘ఇంజిన్ ఏదిరా?’ పెట్టెల ముందు ఏమీ లేదు. ఇంజిన్ వెనక ఉంది, పెట్టెల్ని కిందినుంచి పైకి నెడుతుంది. ‘మంచి పని. పెట్టెల్ని కలిపే కప్లింగ్ తెగినా అవి లోయలోకి జారిపోవు’ అని గబగబా వెనక్కి నడిచారు. ఇంజిన్ వెనక ఉండటంతో డ్రైవర్‌కు ముందున్న పట్టాలు కనపడవు. అందుకే మొదటి పెట్టె కొసన ఒక బ్రేక్స్‌మన్ ఎరుపు, ఆకుపచ్చ జెండాలతో నిలబడి దారి చూస్తూ ఉంటాడు. ప్రతి పెట్టెకూ చేతి బ్రేకు, దానికొక మనిషి. ముందు సీటు దొరికితే మీ బాబుకు అదే సినిమా.

కల్లార్ స్టేషన్ దాకా, అంటే మొదటి ఎనిమిది కిలోమీటర్లు, వక్కతోటల మధ్య మామూలు రైలు ప్రయాణమే. అసలు సంగతి కల్లార్ దాటాక. పట్టాల మధ్యలో పళ్లున్న ఉక్కు కమ్ములు రెండు పక్కపక్కనే కనపడతాయి. ఒకదాని పన్ను ఉన్నచోట రెండోదానికి సందు ఉంటుంది. ఇంజిన్ అడుగున ఉన్న పళ్లచక్రాలు వీటిని పట్టుకుని పైకి పాకుతాయి. సందులు అలా మార్చి పెట్టడం వల్ల ఏదో ఒక పన్ను ఎప్పుడూ పట్టులోనే ఉంటుంది. పళ్లు సరిగ్గా కలిసేదాకా బండి దాదాపు ఆగినంత నెమ్మదిస్తుంది, ఆ తర్వాతే ఊపందుకుంటుంది. ‘తాటిచెట్టెక్కేవాడి మోకురా ఇది’ అన్నారు పెదనాన్న. నాకు అంతకంటే బాగా అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు.

ఇక్కడి ఎక్కుడు అంత గట్టిది మరి. కొన్నిచోట్ల 12 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి లేస్తుంది. మామూలు రైలు మార్గాల్లో వంద మీటర్లకు ఒక మీటరు లేచినా అది గట్టి ఎక్కుడే. మేట్టుపాళయం సముద్రమట్టానికి సుమారు 330 మీటర్ల ఎత్తు, కూనూర్ 1,700 మీటర్ల పైన. రెంటికీ మధ్య దూరం 27 కిలోమీటర్లే. పళ్లపట్టా ఉన్నంత మేరా వేగం గంటకు 13 కిలోమీటర్లు దాటదు.

ఇంజిన్ శబ్దాన్ని మాత్రం చెవి పెట్టి వినండి. దీనికి ఒక్కో పక్క రెండేసి సిలిండర్లు, ఒకదాని మీద ఒకటి. కింద చదునులో ఒక జతే పనిచేసి మామూలు చక్రాల్ని తిప్పుతుంది. పళ్లపట్టా రాగానే, మొదటి జతలో వాడేసిన ఆవిరినే రెండో జతకు పంపి దాంతో పళ్లచక్రాల్ని తిప్పుతారు. అప్పటిదాకా ఒక్కటే వరసగా వినపడే చుక్‌చుక్ కాస్తా రెండు లయలుగా విడిపోతుంది. ‘రెండు ఇంజిన్ల పని ఒక్కటే చేస్తోంది’ అని పెదనాన్న కిటికీలోంచి తల బయటపెడితే పెద్దమ్మ చొక్కా పట్టుకుని లోపలికి లాగింది. ఈ రకం ఇంజిన్లను మొదట స్విట్జర్లాండ్‌లో చేయించి తెప్పించారు. తర్వాతి కాలంలో తిరుచ్చి దగ్గర పొన్మలై వర్క్‌షాపులో మనవాళ్లే కొత్తవి తయారు చేశారు. అన్నీ బొగ్గువి కావు, ఆయిల్‌తో మండేవి కూడా ఉన్నాయి. మీకు ఏది తగిలినా ఆవిరి, కూత, ఆ బరువైన ఊపు అవే.

నీళ్ల కోసం దారిలో రెండు మూడు చోట్ల ఆగుతుంది. హిల్‌గ్రోవ్‌లో తప్పకుండా దిగండి. అందరూ టీ కొట్టు వైపు పరిగెడతారు, మీరు ఇంజిన్ వైపు నడవండి. ఒకాయన ట్యాంకులోకి నీళ్లు పడుతుంటే ఇంకొకాయన నూనె డబ్బాతో కడ్డీల కీళ్లలో నూనె పోస్తూ, ఒక్కో బేరింగు దగ్గర ఆగి చేతి వెనక వైపుతో వేడి చూసుకుంటూ పోతున్నాడు. పెదనాన్న తనకొచ్చిన నాలుగు తమిళ ముక్కలతో ఆయన్ను పలకరించి, బండి కూత వేసేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. చేతిలో బిస్కెట్ ప్యాకెట్ మాత్రం పెట్టుకోకండి. అక్కడి కోతులకు మొహమాటం లేదు.

అరకు రైలు ఎక్కినవాళ్లు ‘సొరంగాలు, లోయలు అక్కడా ఉన్నాయిగా’ అంటారు. ఉన్నాయి. నిజం చెప్పాలంటే లోయలు అరకు దారిలోనే నాకు ఎక్కువ నచ్చాయి. కానీ అది బ్రాడ్‌గేజ్ మీద కరెంటు ఇంజిన్ లాగే పెద్ద రైలు, అక్కడ చూసేది కొండల్నే. ఇక్కడ చూడాల్సింది బండిని. 1899లో కూనూర్ దాకా, 1908లో ఊటీ దాకా వేసిన మీటర్‌గేజ్ లైను మీద 208 మలుపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు దాటుకుంటూ ఒక ముసలి యంత్రం ఎలా పాటుపడుతుందో చూడటానికే ఎక్కాలి. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది కూడా అలాంటి ఇంజనీరింగ్ కోసమే. అందుకే దిగే బండి కంటే ఎక్కే బండే ఎంచుకోండి. దిగేటప్పుడు ఇంజిన్ పనంతా బండిని ఆపి పట్టుకోవడమే, ఆ శబ్దం రాదు.

ఇక అమ్మగారి సంగతి. మేట్టుపాళయంలో ఉదయం 7.10కి బయల్దేరిన బండి ఊటీ చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. 46 కిలోమీటర్లకు సుమారు ఐదు గంటలు. పెట్టెల్లో టాయిలెట్ లేదు, ఆగిన స్టేషన్లలోనే వెళ్లిరావాలి. మా పెదనాన్నకు షుగర్ కాబట్టి మాకు ఇదే పెద్ద టెన్షన్. బండి ఎక్కేముందు కాఫీ మానిపించి, హిల్‌గ్రోవ్, కూనూర్ రెండు చోట్లా దింపితే ఇబ్బంది లేకుండా గడిచింది. సెకండ్ క్లాసులో మోకాళ్లు ఎదుటివాళ్లకు తగిలేంత ఇరుకు. పెద్దవాళ్లుంటే ఫస్ట్ క్లాసే తీసుకోండి. అమ్మగారు అలసిపోతే కూనూర్‌లో దిగిపోయి అక్కణ్ణుంచి కారులో ఊటీ వెళ్లవచ్చు. చూడాల్సింది అప్పటికే చూసేసి ఉంటారు.

సికింద్రాబాద్ నుంచైతే శబరి ఎక్స్‌ప్రెస్‌లో కోయంబత్తూర్ దిగి, సాయంత్రానికల్లా మేట్టుపాళయం చేరి రాత్రి అక్కడే పడుకోండి. కోయంబత్తూర్‌లో బస చేసి తెల్లవారుజామున పిల్లాణ్ణి లేపి పరిగెత్తించడం అనవసరం. మేలో టికెట్ల రద్దీ బాగా ఉంటుంది, రిజర్వేషన్ తెరిచిన రోజే పట్టుకోవాలి. నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం, స్టీలువి పట్టుకెళ్లండి. మేలో మీకు వానల బెడద తక్కువే గానీ, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వెళ్లేవాళ్లు మాత్రం బస్సు ప్లాను కూడా ఒకటి చేతిలో పెట్టుకోవాలి. ఆ వానల్లో కల్లార్–కూనూర్ మధ్య కొండచరియలు పడి రోజుల తరబడి బళ్లు రద్దవుతుంటాయి.

టికెట్ దొరక్కపోతే ఊటీ–కూనూర్ డీజిల్ బండి ఎక్కండి. తేయాకు తోటలు, కెట్టి లోయ బాగుంటాయి, గంటకు కాస్త ఎక్కువ పడుతుందంతే. ఎలాగూ వెళ్తారు కాబట్టి కూనూర్ స్టేషన్‌లో ఉదయం పదిన్నరకల్లా ఉండేలా చూసుకోండి. కిందినుంచి వచ్చే బండి ఆ సమయానికే చేరుతుంది. ఆవిరి ఇంజిన్‌ను విప్పి పక్కనున్న షెడ్ వైపు తీసుకెళ్లడం ప్లాట్‌ఫామ్ మీద నుంచే కనపడుతుంది.