‘మీది ఏ పార్టీ?’ అని అడిగే ముందు

చిరంజీవి అమ్మలుకి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన సర్వే ఫారం చదివాను. బెంగళూరులో కె.ఆర్.పురం, మారతహళ్లి వైపు మన తెలుగువాళ్ల ఇళ్లకు బయల్దేరేలోపే దాన్ని కాస్త సరిచెయ్యాలి. నాలుగో ప్రశ్న ‘పోయినసారి ఎవరికి ఓటేశారు?’, ఐదోది ‘మీది ఏ పార్టీ?’ అని పెట్టావు. ఈ వరసలో అడిగితే ఐదోది దండగే. ఇప్పుడే ఒక గుర్తు పేరు చెప్పిన మనిషి, మరు నిమిషంలో ఇంకో పార్టీ పేరెత్తడానికి మొహమాటపడతాడు. అభిమానం సంగతి ముందు అడుగు, ఓటు సంగతి చివరికి నెట్టు.

రెండూ ఒకటే కదా అంటావేమో. 2023లో కర్ణాటక అసెంబ్లీలో కాంగ్రెస్‌కు 224 సీట్లకు 135 వచ్చాయి. మరుసటేడు లోక్‌సభలో 28కి 9. పొత్తులు మారాయి, సీట్ల లెక్కా ఓట్ల లెక్కా ఒకటి కాదు, అదీ నిజమే. అయినా రాష్ట్రానికి ఒకరు, ఢిల్లీకి ఒకరు అని ఓటు మార్చినవాళ్లు ఇక్కడ తక్కువేం కాదు. వాళ్లంతా ఏడాదిలో పార్టీ మారిపోయినట్టా? ఆ తేడా పట్టుకోవడమే నీ పని.

అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీవాళ్లు 1950ల్లోనే దీని మీద కూర్చున్నారు. మామూలుగా మిమ్మల్ని మీరు రిపబ్లికన్ అనుకుంటారా, డెమోక్రాట్ అనుకుంటారా, ఏ పార్టీకీ చెందని ఇండిపెండెంటా అని ముందు అడుగుతారు. పార్టీ చెప్పినవాళ్లను అభిమానం గట్టిదా, అంతంతమాత్రమా అని, ఇండిపెండెంట్లను ఎటు మొగ్గు అని మళ్లీ అడుగుతారు. అలా గట్టి డెమోక్రాట్ నుంచి గట్టి రిపబ్లికన్ దాకా ఒకే గీత మీద ఏడు మెట్లు తేలాయి. నువ్వు దాన్ని ఉన్నదున్నట్టు దించేశావు. అక్కడ పెద్ద పార్టీలు రెండే కాబట్టి ఒకే గీతకు చెరో కొసనా కూర్చుంటాయి. ఇక్కడ కర్ణాటకవే మూడు, మనవాళ్ల మనసులో ఆంధ్రావి మరికొన్ని. ఆ గీత తీసెయ్. ‘మీకు దగ్గరగా అనిపించే పార్టీ ఏదైనా ఉందా?’ అని అడిగి, ఆనక ఒక్కో పార్టీకి సున్నా నుంచి పది దాకా మార్కులు వేయించు. ఫలానా పార్టీ తప్ప ఏదైనా సరే అనేవాళ్లు ఈ మార్కుల్లోనే బయటపడతారు.

మనవాళ్లతో ఇంకో చిక్కుంది. 2024లో బెంగళూరు పోలింగ్ ఏప్రిల్ 26న, ఆంధ్రాలో మే 13న. పీజీల్లో ఉండే పిల్లలు చాలామందికి ఓటు ఊళ్లోనే ఉంది. ఇక్కడి సంగతి అడిగితే ‘ఎవరైతే ఏంటి మేడమ్’ అంటారు, అక్కడి సంగతెత్తితే గంటసేపు వదలరు. అందుకే ఇక్కడికొక గడి, సొంత రాష్ట్రానికొక గడి పెట్టు. బెంగళూరు ఓటర్ల జాబితాలోంచి పేర్లు తీస్తే ఈ పిల్లలు నీ చేతికే రారు, చిక్‌పేటలో తరాలుగా ఉంటున్నవాళ్లే వస్తారు. ఎవరి గురించి రాస్తున్నావో ముందే తేల్చుకో. జాబితాలో ఉన్న మనిషి ఇంట్లో లేడని పక్కింటాయన్ని కూర్చోబెట్టి ఫారం నింపకు. మళ్లీ వెళ్లు, ఆదివారం పొద్దున వెళ్లు.

‘ఏ పార్టీ లేదు’ అనే జవాబుకు ఫారంలో చోటే లేదు. అది ఉండి తీరాలి. ఆ మాట అన్నవాళ్లను ‘పోనీ, కొంచెమైనా ఎటు మొగ్గు?’ అని ఒక్కసారి అడుగు, అంతకుమించి గుచ్చకు. అలా మొగ్గు చెప్పిన ఇండిపెండెంట్లు అమెరికాలో ఓటు దగ్గర చాలావరకు పార్టీవాళ్లలాగే వేస్తారు.

అయితే మన ఇళ్లలో ‘లేదు’ అంటే ఒక్కోసారి భయం. ఇంటావిడ గుమ్మంలో పూలు కడుతూ ఉంటుంది, నువ్వు అడిగేలోపే లోపల్నుంచి ఆయన ‘మా ఇంట్లో అందరిదీ ఒకటే’ అని అరుస్తాడు. ఆవిడ దారం వంక చూస్తూ తలూపుతుంది. ఆ తలూపుడు రాసుకోకు. ఇద్దరు కలిసి వెళ్లండి, ఒకరు ఆయన్ని నీళ్ల సమస్య మీద మాటల్లో పెట్టండి, అది బెంగళూరులో ఎంతసేపైనా సాగుతుంది. ఓటు ప్రశ్నకు గుర్తులు అచ్చేసిన కాగితం చేతికిచ్చి, టిక్కు పెట్టి మడిచి డబ్బాలో వెయ్యమను. నువ్వు అటు తిరుగు.

బట్టల విషయం కూడా. పసుపు చున్నీ వద్దు, కాషాయం వద్దు, ఆకుపచ్చ కూడా వద్దు. ఈ ఊళ్లో ఇక మిగిలింది బూడిద రంగే అనుకుంటా.

ముందు ఓ ఇరవై ఇళ్లు తిరిగి చూడు. ‘ఏ పార్టీ లేదు’ అన్నవాళ్ల ఫారాలు విడిగా కట్ట కట్టి పంపు, ముందు అవే చూస్తాను.

మీ మావయ్య